ఎక్కడా దిగకుండా 15,349 కిలోమీటర్లు: సింగపూర్–న్యూయార్క్ ఫ్లైట్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు మనం మాట్లాడుకునేది సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టుకి సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడిపే నాన్‌స్టాప్ ఫ్లైట్ గురించి. ఇంత దూరం ఎక్కడా ఆగకుండా వెళ్లే ప్యాసింజర్ విమానాలు ప్రపంచంలో చాలా అరుదు. దూరం 15,349 కిలోమీటర్లు, ప్రయాణం 18 గంటల పైమాటే.

సీట్ల సంగతి తర్వాత చెప్తాను, ముందు ఈ దూరం చూడండి. సింగపూర్ 104 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. న్యూయార్క్ 74 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 178, అంటే సగం చుట్టు 180కి దాదాపు సమానం. అంటే భూమికి అటు ఒకటి, ఇటు ఒకటి. ఇదిగో, ఈ గ్లోబు మీద రెండు ఊళ్లకీ కలిపి దారం బిగించి పట్టుకున్నాను. చూశారా, దారం ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతోంది! గోడ మీద మ్యాప్ చూస్తే ఇది అస్సలు తెలీదు. ఆ 15,349 ఈ దారం పొడవే.

కానీ విమానం చాలాసార్లు ఈ దారిన పోదు. న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎక్కువగా జపాన్ వైపు తిరిగి పసిఫిక్ మీదుగా వెళ్తుంది. అక్కడ పై ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమర నుంచి తూర్పుకి చాలా వేగంగా వీస్తుంది. అది వెనకనుంచి తోస్తుంటే, కొన్ని వందల కిలోమీటర్లు చుట్టు తిరిగినా టైమూ ఇంధనమూ కలిసొస్తాయి. ఆ రోజు గాలి ఎలా ఉందో చూసి రూటు వేస్తారు. నేనైతే సినిమాలు వదిలేసి స్క్రీన్ మీద ఆ మ్యాపే చూస్తూ కూర్చున్నా. నిజంగా అంత బాగుంటుంది.

విమానం ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్, అంటే చాలా ఎక్కువ దూరం వెళ్లడానికి చేసిన రకం. ట్యాంకుల్లో 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది. అంత బరువు మోయాలి కాబట్టి సీట్లు 161 మాత్రమే: బిజినెస్‌లో 67, ప్రీమియం ఎకానమీలో 94. మామూలు ఎకానమీ అసలు లేదు. కాబట్టి టికెట్ జేబుకి బరువే. ప్రీమియం ఎకానమీలో చివరి వరుసల్లో కిటికీ పక్కన ఒంటరి సీట్లున్నాయి, దొరికితే వదలకండి. లోపల గాలి పాత విమానాల్లో అంత పొడిగా ఉండదు, దిగాక తలనొప్పి లేదు నాకు.

మరి న్యూయార్క్ పక్కనే ఉన్న న్యూజెర్సీ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లు దీన్ని ఎక్కొచ్చా? నేను వద్దనే అంటాను. న్యూయార్క్, హైదరాబాద్ మధ్య నేరు దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వస్తే 13,600 దాకా అవుతుంది. సింగపూర్ మీదుగా అయితే ఇంకో 3,300 కలిసి 18,600 దాటుతుంది. అమ్మానాన్నలకి టికెట్ బుక్ చేస్తుంటే ఈ 5,000 కిలోమీటర్ల తేడా తప్పకుండా చూడండి. సింగపూర్‌లోనే పని ఉన్నవాళ్లు మాత్రం నిశ్చింతగా ఎక్కండి.