బండి రంగు మీది పలచని పొర

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారగానే వాకిట్లో నిలిపిన మోటారు సైకిలును పాత లుంగీ ముక్కతో, చుక్క నీరు తగలకుండా, గుండ్రంగా తుడిచి పనికి బయలుదేరే అలవాటు మన గోదావరి ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో ఉంది. నేనూ ఎన్నో ఏళ్ళు అలాగే తుడిచాను. రాత్రి మంచుకు తడిసి ఆరిన ఆ దుమ్ములో కాలవగట్టు ఇసుక నలుసులు ఉంటాయి. వాటిని గుడ్డ రంగు మీద ఈడ్చుకుపోతుంది. మధ్యాహ్నపు ఎండలో పెట్రోలు ట్యాంకు మీద సాలెగూడులా కనిపించే సన్నని గీతలు అలా పుట్టినవే. అవి కనబడిన తరువాత మనం పాలిష్ కోసం బజారుకు వెళతాము.

నేటి కార్ల రేకు మీద తుప్పును ఆపే పూత, రంగు కింద పునాదిగా వేసే ప్రైమరు, అసలు రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోటు వరుసగా ఉంటాయి. ఇవన్నీ కలిపితే సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కూడా ఉండదు. పాలిష్‌లో అతి సన్నని రాపిడి పొడి ఉంటుంది. గీత చుట్టూ ఉన్న పొరను అది కొద్దిగా అరగదీసి చదును చేస్తుంది కాబట్టే గీత మాయమైనట్టు కనిపిస్తుంది. వ్యాక్స్, సీలెంట్ అనేవి అరగదీయవు, పైన పూతగా నిలుస్తాయి. దుకాణంలో అరగదీసేవాటినీ, పూతగా నిలిచేవాటినీ పాలిష్ అనే పిలుస్తారు గనుక, డబ్బా మీద ఏమి రాసి ఉందో చదివి కొనడం మంచిది.

ఈ తేడా నాకు మా పాత స్కూటరు నేర్పింది. దాని ముందు మడ్‌గార్డు అంచును రబ్బింగ్ కాంపౌండు అనే ముతక పాలిష్‌తో రుద్దుతుంటే తెల్లగుడ్డకు నీలం అంటింది. మురికి వదులుతోందని సంబరపడి ఇంకా గట్టిగా రుద్దాను. సాయంత్రానికి అంచు పొడవునా బూడిదరంగు ప్రైమరు బయటపడింది. పాతకాలపు బండ్లకు క్లియర్ కోటు ఉండదు గనుక గుడ్డకు కొంత రంగు అంటడం సహజమే, కానీ అంచుల దగ్గర పూత పలచగా ఉంటుందన్న సంగతి నాకు అప్పుడు తెలియదు. క్లియర్ కోటు ఉన్న కారును రుద్దుతున్నప్పుడు గుడ్డకు కారు రంగే అంటితే మాత్రం వెంటనే చెయ్యి ఆపాలి, ఎందుకంటే పైపొర అక్కడ అయిపోయింది.

పని చల్లని వేళ, నీడలో మొదలుపెట్టాలి. ముందు ధారగా నీళ్ళు పోసి దుమ్మును జారనివ్వాలి. ఒక బకెట్లో షాంపూ నీళ్ళు, మరో బకెట్లో ఉత్త నీళ్ళు పెట్టుకొని, గుడ్డను ప్రతిసారీ ఉత్త నీళ్ళలో జాడించి పైనుంచి కిందికి కడగాలి. గిన్నెలు తోమే సబ్బు పాత వ్యాక్స్‌ను ఊడదీస్తుంది కనుక ఎప్పుడూ వాడకూడదు. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది; అది బండి మీద ఆరితే తెల్లని మచ్చలు మిగులుతాయి. అందుచేత చివరి జాడింపుకు కుళాయి నీరు వాడి, ఆరకముందే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి.

తరువాత చేతికి పలచని ప్లాస్టిక్ సంచి తొడుక్కొని బానెట్ మీద మెల్లగా నిమిరి చూడండి. ఉత్త చేతికి నున్నగా తోచిన చోటే వేళ్ళకు గరగరమని తగిలితే, కడిగినా పోని నలుసులు అంటుకొని ఉన్నాయన్నమాట. వాటిని తీయడానికి డిటైలింగ్ క్లే అనే మెత్తని ముద్ద దొరుకుతుంది. షాంపూ నీటితో తడి చేసి, నొక్కకుండా జార్చాలి. కింద పడితే ఆ ముద్దను మళ్ళీ బండికి తాకించకూడదు.

గీతలు నిజంగా బాధిస్తేనే పాలిష్ జోలికి వెళ్ళండి. అడుగు చదరం మేర మాత్రమే తీసుకొని, అంచులు వదిలి, తేలికపాటి రకంతో చేత్తో చేస్తే చాలు. మెరుపు లేని మాట్ రంగు బండ్లకు పాలిష్ అసలే పనికిరాదు.

సీలెంట్ మాత్రం మన ప్రాంతంలో తప్పక వేయవలసినది. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద బండి దాటించేవారికీ, అంతర్వేది సముద్రపు గాలిలో కాపురం ఉండేవారికీ వివరించనక్కరలేదు: రంగు లేచిపోయిన చిన్న చోట ఉప్పు తేమ దూరితే తుప్పు అక్కడే మొదలవుతుంది. అలా లేచిన చోట ముందు టచప్ రంగు వేయించాలి. సీలెంట్ దానికి బదులు కాదు. మంచి వ్యాక్స్‌లో కలిసే కార్నూబా మైనం బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది; మన కొబ్బరికి అది దూరపు చుట్టమే. దాని మెరుపు అందమైనది, కానీ కొన్ని వారాలకే తరిగిపోతుంది. కృత్రిమ సీలెంట్ కొన్ని నెలలు నిలుస్తుంది గనుక నా ఓటు దానికే. పలచగా రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, వేరే శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఉక్కపోత రోజుల్లో ఆరడం ఆలస్యమవుతుంది. బ్రేకు డిస్కుకూ సీటుకూ తగలనివ్వకండి.

మృగశిర కార్తెకు ముందొకసారి, వానలు వెళ్ళాక డిసెంబరులో మరొకసారి వేసుకోవచ్చు. మామిడి పూత వేళ చెట్టు కింద నిలిపితే తేనెమంచు పురుగు జిగురు బానెట్ నిండా పడుతుంది. దానినీ, కాకి రెట్టనూ గోకకుండా తడిగుడ్డ ఐదు నిమిషాలు పరిచి నానబెట్టి ఎత్తివేయాలి.

సీలెంట్ పూత ఇంకా ఉన్నదో లేదో వాన చెబుతుంది. బానెట్ మీద నీరు తామరాకు మీది బొట్టులా గుండ్రంగా నిలిచి జారిపోతుంటే ఉన్నట్టే. కడిగిన బండి మీద కూడా అది మడుగులా పరుచుకుపోతుంటే, వచ్చే ఆదివారం ఉదయం రెండు బకెట్లు సిద్ధం చేసుకోండి.