బ్లాగు వేదికలోకి అడుగుపెట్టే ముందు బయటికి దారి చూసుకోవాలి

నమస్కారం. సొంతంగా బ్లాగు రాయాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఏ వేదిక మంచిదని. వర్డ్‌ప్రెస్ మేలా, బ్లాగర్ మేలా, లేక కొత్తగా వచ్చిన మరేదైనా సేవలో చేరిపోవచ్చా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఏదో ఒక పేరు చెప్పి పంపడం తేలికే కానీ, పదేళ్ళకు పైగా బ్లాగు రాస్తూ రెండుసార్లు వేదిక మారినవాడిగా నేను ముందు చూసేది వేరు. రాసినదంతా మూటగట్టుకుని అక్కడి నుంచి బయటపడాల్సి వస్తే దారి ఎలా ఉంది, ఆ మూటలో ఏమేమి వస్తాయి, ఏమేమి అక్కడే ఉండిపోతాయి అన్నది తేల్చుకున్నాకే మిగతా సంగతులు ఆలోచిస్తాను. ఈ వీడియోలో దాని గురించే వివరంగా చెబుతాను.

సేవలు మూతపడడం అరుదేమీ కాదు. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలాది మంది సొంత పేజీలు కట్టుకున్నారు. 1999లో దాన్ని యాహూ కొన్నది, 2009 అక్టోబరులో మూసేసింది. పోస్టరస్ అనే చక్కని బ్లాగు సేవను 2012లో ట్విట్టర్ కొనుక్కుని, 2013 ఏప్రిల్ 30న ఆపేసింది. ఇవన్నీ ఉచిత సేవలు కదా, డబ్బు కడితే ఆ బెడద ఉండదు కదా అనుకునేవారు టైప్‌ప్యాడ్ సంగతి గుర్తుంచుకోవాలి. 2003లో మొదలై, రుసుము తీసుకుని నడిచిన ఆ సేవ 2025 సెప్టెంబరు 30న మూతపడింది. వాడుకరులకు ఆ సంగతి తెలిసింది దాదాపు నెల రోజుల ముందు మాత్రమే. ఇరవయ్యేళ్ళ రాతలను నెల రోజుల్లో తరలించడం ఎంత కష్టమో, ఆ పని ఒకసారి చేసినవారికే తెలుస్తుంది.

నాకు అది అనుభవంలోకి వచ్చిన తీరు చెబుతాను. నేను మొదట నాలుగేళ్ళపాటు ఒక చిన్న సేవలో రాశాను, దాని పేరు ఇక్కడ అనవసరం. మూసేస్తున్నామని వారు చెప్పగానే, రాసినదంతా ఒక ఫైలుగా దించుకునే ఎక్స్‌పోర్ట్ మీట నొక్కి, వచ్చిన ఫైలును దాచుకుని, నా రాతలన్నీ నా దగ్గరే ఉన్నాయని నిశ్చింతగా ఉన్నాను. కొన్ని నెలల తరువాత తీరిక చూసుకుని ఆ ఫైలును కొత్త వేదికలోకి ఎక్కించాను. అక్షరాలన్నీ వచ్చాయి, తేదీలు వచ్చాయి, పాఠకుల వ్యాఖ్యలు కూడా వచ్చాయి, బొమ్మలు మాత్రం ఒక్కటీ రాలేదు. ఇంట్లో పాత పుస్తకాలకు అట్టలు కట్టుకునే విధానం మీద నేను ఎంతో ఇష్టంగా రాసిన టపా, అంటే బ్లాగు పోస్టు, ఒకటి ఉండేది, అందులో 14 ఫోటోలు ఉండేవి. దాన్ని తెరిచి చూస్తే "పై బొమ్మలో చూపినట్టు దారాన్ని రెండో రంధ్రంలోంచి వెనక్కి తీయాలి" అన్న వాక్యం ఉంది, పైన ఖాళీ పెట్టె ఉంది. అలాంటివి 14 ఖాళీ పెట్టెలు. బొమ్మలు లేకపోతే ఆ టపా ఎవరికీ పనికిరాదు.

జరిగింది ఇది. ఆ సేవ ఇచ్చిన ఎక్స్‌పోర్ట్ ఫైలులో బొమ్మలు లేవు, బొమ్మల చిరునామాలు మాత్రమే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఎక్స్‌పోర్ట్ ఫైలు కూడా ఇలాంటిదే. కొత్త చోట దాన్ని దిగుమతి చేసేటప్పుడు, కావాలని మనం గుర్తు పెడితే, అది పాత సర్వరు దగ్గరకు వెళ్ళి ఒక్కొక్క బొమ్మనే తెచ్చుకుంటుంది. పాత సర్వరు అప్పటికే ఆగిపోయి ఉంటే తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. అందువల్ల ఏ సేవనైనా ఎంచుకునే ముందు అందులో రెండు బొమ్మలతో ఒక చిన్న టపా రాసి, దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును విప్పి చూడండి. ఒక అరగంట పని. సొంత హోస్టింగ్‌లో, అంటే అద్దెకు తీసుకున్న సర్వరులో, వర్డ్‌ప్రెస్ నడుపుకునేవారైతే రాతలు ఉండే డేటాబేసుతో పాటు బొమ్మలు ఉండే అప్‌లోడ్స్ ఫోల్డరును కూడా తమ కంప్యూటరులోకి దించుకోవాలి. ఆ రెండూ ఉంటేనే బ్యాకప్ పూర్తయినట్టు.

రెండవది డొమైన్ పేరు, అంటే మీ బ్లాగుకు మీరు సొంతంగా తీసుకునే చిరునామా. ఒక్క విషయానికే డబ్బు పెట్టగలను, దేనికి పెట్టమంటారు అని అడిగితే, సందేహించకుండా డొమైన్‌కే పెట్టమంటాను. సేవ ఇచ్చిన ఉపచిరునామాలో రాస్తున్నంతకాలం మీ లింకులన్నీ ఆ సంస్థవే. మీ పేరు మీద డొమైన్ ఉంటే, వెనక ఉన్న వేదికను ఎన్నిసార్లు మార్చినా పాఠకుడికి తెలిసిన చిరునామా మారదు. బ్లాగర్‌లో కూడా సొంత డొమైన్‌ను తగిలించుకోవచ్చు, అందుకు బ్లాగర్ వేరే రుసుము తీసుకోదు.

అయితే ఆ డొమైన్ మీ సొంత ఖాతాలోనే ఉండాలి. సైటు తయారు చేసి ఇచ్చినవారి ఖాతాలో డొమైన్ ఉండిపోయి, తరువాత వారి ఆచూకీ దొరకక పేరు పోగొట్టుకున్నవారిని నేను ఎరుగుదును. ఇంకొక చిక్కు చాలామందికి తోచదు. డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే ఐకాన్ అనే సంస్థ డాట్ కామ్ వంటి పేర్లకు పెట్టిన నియమాల ప్రకారం, గడువు తీరడానికి దాదాపు నెల ముందు ఒకసారి, వారం ముందు మరొకసారి, గడువు దాటి పునరుద్ధరించకపోతే అయిదు రోజుల్లోపు ఇంకొకసారి రిజిస్ట్రార్, అంటే మనకు డొమైన్ అమ్మిన సంస్థ, మనకు గుర్తు చేయాలి. ఆ ఉత్తరాలు రిజిస్ట్రార్ దగ్గర మీరిచ్చిన ఈమెయిలుకు వస్తాయి. ఆ ఈమెయిలు అదే డొమైన్ మీద ఉంటే, గడువు దాటి డొమైన్ ఆగిపోయిన రోజున ఈమెయిలు కూడా ఆగిపోతుంది, చివరి హెచ్చరిక మీకు చేరదు. కాబట్టి రిజిస్ట్రార్‌కు ఇచ్చే ఈమెయిలు వేరే చోట ఉన్నదై ఉండాలి.

తెలుగులో రాసేవారికి టపా చిరునామా విషయంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి ఉంది. తెలుగు శీర్షిక పెడితే వర్డ్‌ప్రెస్ దాన్నే చిరునామాగా మార్చుకుంటుంది. బ్రౌజరులో అది ముచ్చటగా తెలుగులోనే కనిపిస్తుంది కానీ, దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే శాతం గుర్తులు, అంకెలు కలగలిసిన పెద్ద తోకగా మారిపోతుంది. కంప్యూటరులో అక్షరాలకు సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో "తెలుగు" అన్న మాటకు ఆరు సంకేతాలు ఉంటాయి: త, ల, గ అన్న మూడు హల్లులకు మూడు, వాటి గుణింతపు గుర్తులకు మూడు. ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు పడతాయి, ఒక్కొక్క బైటు చిరునామాలో మూడు అక్షరాల చోటు తీసుకుంటుంది. అంటే మూడక్షరాల మాట చిరునామాలో 54 అక్షరాలు అవుతుంది. వర్డ్‌ప్రెస్ ఈ భాగానికి కేటాయించిన చోటు 200 అక్షరాలే కనుక, శీర్షికలో దాదాపు 22 సంకేతాల తరువాత మిగిలినదంతా తెగిపోతుంది, ఒక్కోసారి హల్లు మిగిలి దాని గుణింతం పోతుంది. అందుకే నేను శీర్షిక పూర్తిగా తెలుగులోనే పెట్టి, చిరునామాను మాత్రం రోమన్ లిపిలో రెండు మూడు మాటలకు కుదించి చేత్తో రాస్తాను. ప్రచురించే ముందే ఆ పని చేయాలి. ప్రచురించాక మార్చక తప్పకపోతే, పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి పంపే 301 దారిమళ్ళింపు తప్పనిసరిగా పెట్టాలి.

బ్లాగు రూపాన్ని మార్చే థీముల గురించి ఎక్కువ చెప్పను. ఇల్లలకగానే పండగ కాదు. అక్షరం స్పష్టంగా, పెద్దగా కనిపించి, ఫోనులో త్వరగా తెరుచుకుంటే చాలు. వేదికకు అదనపు సదుపాయాలు తగిలించే ప్లగిన్ల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. కొన్ని ప్లగిన్లు టపా మధ్యలో చదరపు కుండలీకరణాల్లో తమ సొంత గుర్తులను పెట్టించుకుని, వాటి స్థానంలో పట్టికలనో ఫోటోల వరుసలనో చూపిస్తాయి. ఆ ప్లగిన్‌ను తీసేసిన రోజున ఆ గుర్తులు ఉన్నవి ఉన్నట్టుగా పాఠకుడి కంట పడతాయి. వందల టపాల్లో వాటిని ఏరుకోవడం మహా విసుగు పుట్టించే పని. దానివల్ల ఒరిగే మేలు ఆ శ్రమకు తగినదే అనిపిస్తే తప్ప అటువంటి ప్లగిన్ పెట్టుకోవద్దని నా సలహా.

ఈ చిక్కులేవీ వద్దనుకునేవారు మార్క్‌డౌన్ అనే తేలికపాటి గుర్తుల పద్ధతిలో మామూలు పాఠ్య ఫైళ్ళుగా రాసుకుని, 2008లో వచ్చిన జెకిల్‌తోనో, 2013లో వచ్చిన హ్యూగోతోనో వాటిని సైటుగా మార్చుకోవచ్చు. డేటాబేసు ఉండదు, రాతలు, బొమ్మలు అన్నీ మీ ఫోల్డరులోనే ఉంటాయి, కాబట్టి బయటికి దారి వెతుక్కోవలసిన పనే లేదు. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇదే అయినా, కమాండ్లు టైపు చేయడమంటే జంకే మనిషికి దీన్ని నేను సూచించను. పనిముట్టుకు భయపడి రాయడం మానుకుంటే అసలు పనే ఆగిపోతుంది.

పాఠకులకు చేరే దారి సంగతికి వస్తే, చాలా బ్లాగుల కొత్త టపాలను ఒకే చోట చదివించే గూగుల్ రీడర్ 2013 జులై 1న ఆగిపోయినప్పుడు బ్లాగుల పని అయిపోయిందని చాలామంది బాధపడ్డారు. కానీ కొత్త టపాలను ఆ రీడర్లకు అందించే ఆర్ఎస్ఎస్ అనే పద్ధతి ఏ ఒక్క సంస్థ సొత్తూ కాకపోవడం వల్ల, పాఠకులు తమ చందాల జాబితాను దించుకుని ఫీడ్లీ వంటి వేరే రీడర్లకు వెళ్ళగలిగారు. మనం మన వైపు మార్చవలసింది ఏమీ లేకపోయింది. కొత్త టపాలను పాఠకులకు ఈమెయిలులో పంపే పనిని గూగుల్ వారి ఫీడ్‌బర్నర్ సేవకు అప్పగించినవారి కథ వేరు. 2021లో ఆ సదుపాయాన్ని తీసేసినప్పుడు, వారు చందాదారుల జాబితాను దించుకుని మరో సేవను వెతుక్కోవలసి వచ్చింది. కాబట్టి ఈమెయిలు సేవ ఏదైనా సరే, చందాదారుల జాబితాను అప్పుడప్పుడూ దించి మీ దగ్గర పెట్టుకోండి.

అట్టల టపా ఏమైందో చెప్పి ముగిస్తాను. పాత వెబ్ పేజీల నకళ్ళను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా పెట్టి వెతికితే ఆ పేజీ దొరికింది. 14 ఫోటోల్లో తొమ్మిది అక్కడ భద్రంగా ఉన్నాయి, అయిదు లేవు. అట్ట ఊడిన పుస్తకాన్ని మరొకదాన్ని తీసుకుని, దారం, మైనం, సూది దగ్గర పెట్టుకుని, ఆ అయిదు దశలు మళ్ళీ చేస్తూ ఫోటోలు తీశాను. ఇప్పుడు ఆ టపాలో మొదటి రంధ్రం దాకా పుస్తకం అట్ట నీలం, రెండో రంధ్రం నుంచి ఎరుపు.