పార్థినాన్ మెట్టు వెంట ఒక చూపు

శ్రోతలకు నమస్కారం. ఏథెన్స్‌లో మీకు ఒక్క రోజే దొరికిందనుకోండి. ఏం చూస్తారు? చాలామంది పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా ఏడెనిమిది శిథిలాలు చుట్టేస్తారు. రాత్రికి ఏ స్తంభం ఎక్కడిదో గుర్తుండదు. నన్నడిగితే, పొద్దుటి పూటంతా అక్రోపోలిస్ కొండ మీది పార్థినాన్ గుడికే ఇవ్వండి. ఆ గుడిలోనూ, అడుగున చుట్టూ సాగే పొడవాటి మెట్లలో ఒక్క మెట్టుకు ఇవ్వండి.

ఎనిమిదింటికి గేటు తీస్తారు. టికెట్టు మీద వేళ రాసి ఉంటుంది, మొదటి వేళదే ముందుగా కొనుక్కోండి. ఆగ్నేయం వైపు, డయోనిసస్ నాటకశాల పక్కనుంచి ఎక్కే దారిలో రద్దీ కాస్త తక్కువ. పైన నీడ ఉండదు, మనిషికో లీటరు నీళ్లుండాలి. జనం నడిచీ నడిచీ రాళ్లు నున్నబడ్డాయి. తడి లేకపోయినా కాలు జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి.

ఇక మెట్టు దగ్గరికి వద్దాం. గుడికి ఉత్తరం వైపు దారిలో, మూల దగ్గర తాడుకు ఇవతలే ఆగండి. గొంతుకు కూర్చోండి. కన్ను మెట్టు ఎత్తుకు దించి, దాని అంచు వెంట అవతలి కొసదాకా చూడండి. మెట్టు సమంగా లేదు! నడిమికి వచ్చేసరికి ఉబ్బి, మళ్లీ దిగుతుంది. దాదాపు 70 మీటర్ల పొడవులో ఉబ్బు సుమారు 11 సెంటీమీటర్లు. ముందువైపు 31 మీటర్లకు సుమారు 6.

ఇది పునాది కుంగడం వల్ల వచ్చింది కాదు. కావాలని చెక్కిన వంపు. పొడవాటి గీత తిన్నగా ఉంటే నడుమ వంగినట్టు కనిపిస్తుందని, ఆ భ్రమ పోగొట్టడానికే ఈ ఉబ్బు అని ప్రాచీనుల మాట. వాననీరు బయటికి జారడానికి కూడా పనికొస్తుంది. కానీ పని ఎంత పెరిగిందో చూడండి. నేల వంపైతే దాని మీద నిలిచే స్తంభం అడుగు దిమ్మెను కూడా ఆ వాలుకు తగ్గట్టే కోయాలి. పైగా స్తంభాలు లోపలికి సుమారు 7 సెంటీమీటర్లు వాలి ఉంటాయి, మూల స్తంభాలు మిగతావాటి కంటే కాస్త లావు. మన మేస్త్రీ రసమట్టం, తూకం గుండు పెట్టి చూస్తే ఒక్క గీతా ఒప్పుకోడు. క్రీ.పూ. 447లో మొదలుపెట్టి, ఇక్టినస్, కల్లిక్రేటస్ అనే వాస్తుశిల్పులు ఇంత లెక్క రాతిలో కోయించారు.

సున్నం లేదు, బురద లేదు. దిమ్మె మీద దిమ్మె. మధ్యలో చెక్క బిరడా. పక్కపక్క రాళ్లను ఇనుప పట్టీలతో కలిపి, చుట్టూ కరిగిన సీసం పోశారు. ఈ సీసమే అసలు కిటుకు. నీరూ గాలీ ఇనుమును చేరవు, కాబట్టి తుప్పు పట్టదు. భూమి కదిలినా మెత్తగా సర్దుకుంటుంది. 20వ శతాబ్దం మొదట్లో బాగుచేసినవారు సీసం లేకుండా ఇనుము బిగించారు. తుప్పు పట్టింది. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే పాలరాయి చీలుతుంది. 1975 నుంచి సాగుతున్న మరమ్మతుల్లో ఆ ఇనుము తీసి టైటానియం పెడుతున్నారు. తేనెరంగు రాళ్ల నడుమ తెల్లగా కనిపించే అతుకులు కొత్తవి. అవీ పాత రాళ్లు తెచ్చిన పెంటెలికాన్ కొండవే.

పదకొండుకల్లా దిగిపోండి. ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం కొండను మూసేస్తారు కూడా. ఆ వేడి వేళ కింది మ్యూజియంలో గడిచిపోతుంది. పై అంతస్తును పార్థినాన్‌కు సమాంతరంగా తిప్పి కట్టారు, కిటికీలోంచి గుడి కనిపిస్తుంటుంది. సాయంత్రం అగోరాలో, అంటే పాత ఊరి సంత మైదానంలో, హెఫెస్టస్ గుడికి వెళ్లండి. అక్కడ కూడా గొంతుకు కూర్చుని మెట్టు వెంట చూడండి. గుడి చిన్నది, వంపు చాలా తక్కువ. కన్ను దొరకబుచ్చుకోవడానికి కాస్త సేపు పడుతుంది.