యాసిడ్ తొట్టె పక్కన ఒక జోకు: ‘వెంజెన్స్ ఆన్ వారోస్’ రివ్యూ

నమస్తే అండీ. బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ ఫ్యాన్స్ ఇద్దరు ఒకచోట కూర్చున్నప్పుడు మధ్యలో ‘వారోస్’ అన్న మాట వదిలి చూడండి. పది నిమిషాల్లో యాసిడ్ తొట్టె దగ్గర తేలతారు. ఇవాళ్టి వీడియో ఆ తొట్టె గురించే. కథ మొత్తం చెప్పేస్తాను. ముందే తెలిసిపోకూడదు అనుకునేవాళ్లు చూసి రండి, రెండు భాగాలూ కలిపి గంటన్నర.

‘వెంజెన్స్ ఆన్ వారోస్’. బీబీసీలో మొదటి భాగం 1985 జనవరి 19న, రెండోది 26న వచ్చాయి. రెండూ శనివారం సాయంత్రాలే, పిల్లలు టీవీ ముందు కూర్చునే టైమ్. రాసింది ఫిలిప్ మార్టిన్, డైరెక్టర్ రాన్ జోన్స్. కాలంలో, గ్రహాల మధ్య తిరిగే హీరో ‘డాక్టర్’గా కాలిన్ బేకర్. సీరియల్లో ఆ పాత్ర రూపం మారుతూ ఉంటుంది, ఇతను ఆరో డాక్టర్. ఆ రోజుల్లో బ్రిటన్‌లో ‘వీడియో నాస్టీస్’ అని హింస ఎక్కువున్న క్యాసెట్ల మీద పెద్ద గోల నడుస్తోంది. 1984లో దాని మీద చట్టం కూడా వచ్చింది. ఆ వేడి చల్లారకముందే ఈ కథ వచ్చింది.

వారోస్ ఒక గ్రహం. ఒకప్పుడు ఖైదీల్ని పడేసిన చోటు. ఇప్పుడు అక్కడి జనానికి తిండి తక్కువ, టీవీ ఎక్కువ. టీవీలో వచ్చేది చిత్రహింసలు, మరణశిక్షలు. చూడకపోతే కుదరదు. ఓటేయకపోయినా కుదరదు. గవర్నర్ ఒక ప్రతిపాదన పెడతాడు, జనం ఇంట్లోంచే మీట నొక్కి అవును, కాదు చెబుతారు. ‘కాదు’ గెలిస్తే గవర్నర్ కూర్చున్న కుర్చీలోనే అతని మీద కిరణాలు పడతాయి, ఒళ్లు చిత్తవుతుంది. మన రియాలిటీ షోల్లో ఓట్లు తగ్గినవాళ్లు పెట్టె సర్దుకుని బయటికొస్తారు. ఇక్కడ ఓట్లు తగ్గుతూ పోతే ప్రాణమే పోతుంది. గవర్నర్‌గా మార్టిన్ జార్విస్ చేశాడు. అలిసిపోయిన మొహంతో, మంచివాడో చెడ్డవాడో చివరిదాకా తేలనివ్వకుండా చేశాడు. నాకు చాలా నచ్చింది.

ఇక సిల్. వారోస్‌లో దొరికే జైటన్-7 ఖనిజాన్ని కారుచౌకగా కొట్టేయాలని చూసే వ్యాపారి. ఆకుపచ్చ జలగలాంటి శరీరం, ఒళ్లు జలదరించే నవ్వు. నబీల్ షబాన్ అదరగొట్టాడు. అతను ఇష్టంగా తినే పచ్చటి జీవులు నిజానికి రంగు వేసిన పీచ్ పండ్లట!

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం సిల్ కాదు, అరాక్, ఎట్టా. ఒక చిన్న గదిలో ఉండే మొగుడూ పెళ్లాం. వీళ్లు డాక్టర్‌ని ఒక్కసారి కూడా కలవరు. టీవీ చూస్తారు, సణుక్కుంటారు, ఓటేస్తారు, అంతే. మొదటి భాగం చివర డాక్టర్ దాహంతో విలవిల్లాడి పడిపోతాడు. అది మనకు గవర్నర్ తెర మీదే కనిపిస్తుంది. ఆ మొహం మీద క్లోజప్ అడిగి, సరిగ్గా సమయం చూసి ‘కట్’ అంటాడు గవర్నర్. మన ఎపిసోడ్ కూడా అక్కడే కట్! వారం రోజుల సస్పెన్స్ కోసం ఎదురుచూసే మనమూ, అరాక్ లాంటి వాళ్లమే అని ఇంతకన్నా ఘాటుగా ఎలా చెబుతారు?

సరే, తొట్టె దగ్గరికి వద్దాం. రెండో భాగం మొదట్లో, చనిపోయాడనుకున్న డాక్టర్ శవాలుంచే గదిలో లేస్తాడు. అక్కడ శవాల్ని యాసిడ్‌లో కరిగించే పనివాళ్లు ఇద్దరు. గందరగోళంలో ఒకడు తొట్టెలో పడతాడు, రెండోవాణ్ని కూడా లాగేస్తాడు. డాక్టర్ చూసి, మీతో నేను రాలేను, క్షమించండి అన్నట్టు ఒక చమత్కారం విసిరి వెళ్లిపోతాడు.

అప్పట్లోనే ఫిర్యాదులు వచ్చాయి. ఫ్యాన్స్‌లో ఒక వర్గం ఏమంటుందంటే, అతను ఎవర్నీ తోయలేదు కదా, మళ్లీ చూడండి అని. నిజమే, తోయలేదు. ఇంకో వర్గం, మా డాక్టర్ చావు చూసి జోకులేసే మనిషి కాదు అంటుంది. నేను రెండో వైపే, కానీ కారణం వేరు. రక్తం ఎంత చూపించారన్నది నాకు లెక్క కాదు, అసలు ఇందులో రక్తం పెద్దగా లేదు కూడా. మిగతా కథంతా చావుని వినోదంగా చూసేవాళ్లని నిలదీస్తుంది. ఈ ఒక్క నిమిషం మాత్రం డాక్టర్ ఆ జనం కోసమే డైలాగ్ వేసినట్టుంటుంది. వెక్కిరింపు అని సరిపెట్టుకుందామంటే, ఆ షాట్ అలా తీయలేదు. మామూలు హీరోయిజంలాగే తీశారు.

విషపు తీగలతో డాక్టర్ పన్నిన ఉచ్చులో ఇద్దరు చస్తారు. అది అతను కావాలని చేసిందే. దాని గురించి గొడవపడేవాళ్లు తక్కువ. మనల్ని కుదిపింది ఆ మాటే అన్నమాట, చావు కాదు.

ఈ కథ వల్లే సీరియల్ ఆగిపోయిందని కూడా అంటుంటారు. ఫిబ్రవరి చివర్లో విరామం ప్రకటించారు, మళ్లీ వచ్చింది 1986 సెప్టెంబరులో. అప్పటి బీబీసీ వన్ ఛానెల్ అధిపతి మైకేల్ గ్రేడ్ హింస మాట ఎత్తాడు, నిజమే. కానీ ఆయనకు ఈ సీరియలే నచ్చదని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు. తప్పంతా వారోస్ మీద వేయడం అన్యాయం.

లోపాలా? ఉన్నాయి. డాక్టర్ వారోస్‌కి చేరేసరికే చాలా సేపవుతుంది. కాపలావాళ్ల బండి కన్నా మనం నడిచి వెళ్లడం నయం. డైపర్లలాంటివి కట్టుకున్న నరమాంసభక్షకులు ఎందుకొచ్చారో నన్నడగొద్దు.

చివరికి శిక్షలు ఆగిపోతాయి, అరాక్, ఎట్టాల గదిలో తెర ఖాళీ. ఇప్పుడేం చేద్దాం అని ఒకరు, ఏమో తెలీదు అని ఒకరు. ఖాళీ తెరని చూస్తూ ఇద్దరూ అలాగే కూర్చుంటారు. డాక్టర్ ముగింపు చెప్పే సీన్ లేదు, సంగీతం పొంగడం లేదు. నా లెక్కలో పదికి ఎనిమిది. ఒక మార్కు ఆ జోకుకి పోయింది, ఇంకోటి ఆ బండికి. వచ్చే వారం ఇదే రచయిత సిల్‌ని మళ్లీ తెచ్చిన ‘మైండ్‌వార్ప్’ చూద్దాం, ఉంటాను మరి.