హంతకుడి పేరు మాత్రం చెప్పకండి

వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు, కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో నన్ను మాట్లాడమనడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ పుస్తక పఠనం వల్ల లాభాలు చెప్పమన్నారు. చెప్పాను. సగం హాలు నిద్రపోయింది. ఈసారి కార్యదర్శి గారు దయతలిచి, నచ్చిన డిటెక్టివ్ నవలలు, నచ్చనివి చెప్పమన్నారు. ఐదు నచ్చినవి, ఐదు నచ్చనివి కాగితం మీద రాసుకొచ్చాను. పావుగంట ఇచ్చారు. చూద్దాం.

ముందు ఒక ప్రశ్న. అగాథా క్రిస్టీ రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ చదవనివాళ్లు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. అదృష్టవంతులు. చదివినవాళ్లు మాత్రం ఈ పావుగంటా నోరు విప్పొద్దు. కోపం తెచ్చుకోకండి, ఎందుకంటున్నానో చెప్తాను.

అప్పుడు నాకు పదహారేళ్లు. మా ఊళ్లో బస్టాండు వెనక అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకి పావలా. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ లెక్కల నోట్సులో దాచుకుని చదివేవాణ్ణి. అవి అయిపోవస్తుంటే షాపాయన, "ఇంగ్లీషు వచ్చా? అయితే ఇది పట్టుకెళ్లు" అని ఆక్రాయిడ్ చేతిలో పెట్టాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే మూడు రోజులకి ముప్పై పేజీలు నడిచాయి. నాలుగో రోజు పొద్దున పేజీ తిప్పాను. మార్జిన్‌లో పెన్సిల్‌తో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, "చంపింది ఫలానా" అని రాసుంది. ఫలానా అని కాదు, అసలు పేరే రాసుంది. దాని కింద రెండు గీతలు, పరీక్షలో ముఖ్యమైన జవాబుకి గీసినట్టు.

షాపాయనకి చూపించాను. పుస్తకం అటూ ఇటూ తిప్పి, "పేజీలన్నీ ఉన్నాయిగా?" అన్నాడు.

అప్పటికే మూడు పావలాలు పోయాయి. ఆ ఉక్రోషంతోనే చివరిదాకా చదివాను. చదువుతుంటే ఒక సంగతి తెలిసింది. ఎవరు చంపారో తెలిసి చదివేవాడికి క్రిస్టీ ఇంకో నవల రాసిపెట్టింది. పల్లెటూళ్లో సొరకాయ జాతి కాయలు పండించుకుందామని రిటైరైన డిటెక్టివ్ పొయిరో, విసుగొచ్చి ఒక కాయని గోడవతలికి విసిరేస్తాడే, ఆ సీను దగ్గర్నుంచీ ప్రతి మాటా రెండు రకాలుగా వినబడుతుంది. నాలుగో అధ్యాయం చివర ఒక పేరా ఉంది. అందులో పది నిమిషాలు మన కళ్ల ముందే మాయమవుతాయి. ఒక్క అబద్ధం ఉండదు. ఆ పేరా ఎన్నిసార్లు చదివానో... వద్దు, ఇంతకంటే చెప్పకూడదు. ఆ మూల ఎవరో చెప్పబోతున్నారు. బాబూ, నీకు పుణ్యముంటుంది, ఆగు!

1926లో ఆ నవల వచ్చినప్పుడు ఇది మోసం అని గోల చేసినవాళ్లున్నారు. తర్వాత 1929లో రొనాల్డ్ నాక్స్ అనే మతగురువు డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు. రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు, ముందుగా చెప్పకుండా కవలల్ని తీసుకురాకూడదు, అలాంటివి. నేను పదకొండోది కలుపుతాను. రెండోసారి చదివినప్పుడు బోరు కొట్టకూడదు.

ఆ లెక్కన నాకు నచ్చనిది చెప్తాను. అదీ క్రిస్టీదే, ‘ది బిగ్ ఫోర్’. 1924లో ఒక పత్రికకి రాసిన పన్నెండు కథలు తీసి, మరిది సలహా మీద అతుకులేసి 1927లో నవలగా దించింది. అప్పటికే తల్లి పోయి, కాపురం కూలిపోయి, పదకొండు రోజులు ఎటో వెళ్లిపోయిన మనిషి ఆవిడ. పాపం అనుకుంటాను గానీ, ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలనుకునే నలుగురి వెనక పొయిరో పరిగెత్తడం నేను రెండోసారి చదవలేను. ఆవిడకే నచ్చలేదు, నాకెందుకు మొహమాటం?

రెండోది, డొరొతీ సేయర్స్ ‘ది ఫైవ్ రెడ్ హెరింగ్స్’. 1931. స్కాట్లాండ్‌లో ఒక చిత్రకారుడు చచ్చిపోతాడు, అనుమానితులు ఆరుగురూ చిత్రకారులే. ఎవడు ఏ రైలెక్కాడు, ఎక్కడ దిగాడు, సైకిల్ ఏ బండిలో వేశాడు, ఇదే గొడవ. అయ్యా, ముప్పై నాలుగేళ్లు స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఇంటికొచ్చాక కూడా టైంటేబులేనా? పైగా మొదట్లోనే, డిటెక్టివ్ ఏ వస్తువు కోసం వెతకమన్నాడో తెలివైన పాఠకుడు ఊహించుకోగలడు కాబట్టి చెప్పడం లేదు, అని రాసేసింది. నాకు తట్టలేదు. ఆ అవమానం ఇంకా ఉంది.

కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. జాన్ డిక్సన్ కార్ నవల ‘ది హాలో మ్యాన్’ పదిహేడో అధ్యాయంలో డిటెక్టివే కథని ఆపేసి, మనమంతా డిటెక్టివ్ నవల్లో ఉన్నాం అంటూ మూసిన గది హత్యల మీద ఉపన్యాసం దంచుతాడు, అది చెబుదామనుకున్నాను. వదిలేస్తున్నా. ‘ది మూన్‌స్టోన్’ని మాత్రం వదలను.

1868. విల్కీ కాలిన్స్. 1799లో శ్రీరంగపట్నం పడిపోయిన రోజున ఒక ఇంగ్లీషు అధికారి కొట్టేసిన వజ్రం కథ. ముందుమాటలో కోహినూరు ప్రస్తావన ఉంటుంది. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకుంటామే, అదే. కానీ నేను మళ్లీ మళ్లీ చదివేది వజ్రం కోసం కాదు, బెటరెడ్జ్ అనే ముసలి నౌకరు కోసం. ఏ కష్టమొచ్చినా పైపు వెలిగించి ‘రాబిన్సన్ క్రూసో’ తెరిచి, కంటపడ్డ వాక్యాన్ని దైవవాక్కుగా తీసుకుంటాడు. మా నాయనమ్మ రామాయణం తెరిచి శకునం చూసేది, అచ్చం అలాగే. బెటరెడ్జ్ మాట్లాడుతుంటే దొంగ ఎవరైతే నాకేంటి?

సరే, బెల్లు కొట్టేశారు. పదింట్లో నాలుగు చెప్పాను.

ఒక్క నిమిషం. ఆ షాపు మూసేసినప్పుడు పుస్తకాలు తూకానికి అమ్మారు. ఆ ఆక్రాయిడ్‌ని నేనే కొనుక్కున్నాను. ఈ లైబ్రరీకి ఇచ్చేద్దామని తెచ్చాను, ఇదిగో. నిన్న రాత్రి రబ్బరు పెట్టి ఆ పేరు చెరిపాను. చెరిగింది గానీ, పెన్సిలు గట్టిగా నొక్కి రాసినట్టున్నాడు మహానుభావుడు, లైటుకి ఏటవాలుగా పెడితే ఇంకా కనిపిస్తోంది. అందుకని ఆ మార్జిన్ మీద క్యాలెండర్ కాగితం ముక్క అంటించాను. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. పిల్లలూ, ఊడబీకకండి.