ద్వేషానికి యోహాను పెట్టిన పేరు

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామమున వందనాలు. ఈ శ్రమదినాల కూడికలో మాట్లాడమని కోరినప్పుడు నేను ఎంచుకున్న వాక్యం యోహాను మొదటి పత్రిక 3వ అధ్యాయం 15వ వచనం: "తన సహోదరుని ద్వేషించువాడు నరహంతకుడు." సండే స్కూల్లోనే కంఠతా పట్టినవాళ్ళం కాబట్టి ఈ మాట మన చెవికి అలవాటైపోయింది. ఎవరి మీదా ఏనాడూ చెయ్యెత్తి ఎరగని మనిషిని, పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకొని తన పని తాను చూసుకొనే మనిషిని, కేవలం మనసులో ఉన్నదాన్ని బట్టి హంతకుడని పిలవడం న్యాయమేనా అని మనం ఆగి అడగం. బోధ గట్టిగా నాటాలని అపొస్తలుడు కొంచెం పెద్ద మాట వాడాడులే అనుకొని తరువాతి వచనానికి వెళ్ళిపోతాం. యోహాను ఇక్కడ అతిశయోక్తి పలకలేదనీ, ద్వేషం నిజంగా కోరేదేమిటో చూసి దానికి తగిన పేరే పెట్టాడనీ ఈ సాయంత్రం మీ ముందు ఉంచాలని నా ప్రయత్నం.

గ్రీకు మూలంలోని ఆ మాట కొత్త నిబంధనలో ఈ వచనం కాక మరొక్క చోటే కనిపిస్తుంది. అది యోహాను సువార్త 8వ అధ్యాయం 44వ వచనం. అక్కడ యేసు అపవాదిని గురించి "ఆదినుండి వాడు నరహంతకుడై" యున్నాడని చెబుతాడు. మన తెలుగు బైబిలులోనూ రెండు చోట్ల అదే మాట ఉంది కాబట్టి ఈ పోలిక కనిపెట్టడానికి గ్రీకు రానక్కరలేదు. సాతానుకు వాడిన పేరును, పొరుగింటివాడి మీద మనసులో విషం దాచుకున్న విశ్వాసికి యోహాను తెలిసి తెలిసీ వాడాడు.

దానికి మూడు వచనాల ముందే ఆయన కయీనును తలచుకున్నాడు. ఆదికాండంలో కయీను కథను నెమ్మదిగా చదివితే, హత్యకు ముందు చాలా సమయం ఉందని తెలుస్తుంది. హేబెలు అర్పణను దేవుడు లక్ష్యపెట్టాడు, కయీను అర్పణను లక్ష్యపెట్టలేదు. అతనికి కోపం వచ్చింది, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు దేవుడే వచ్చి మాట్లాడాడు, "వాకిట పాపము పొంచియుండును" అని హెచ్చరించాడు, నీవు దానిని ఏలగలవని ధైర్యం కూడా చెప్పాడు. ఆ మాటకు కయీను బదులు చెప్పలేదు. తమ్ముడితో పొలానికి వెళ్ళాడు. హేబెలు అతనికి చేసిన అన్యాయం ఏదీ కథలో లేదు. తమ్ముడి క్రియలు మంచివి, తనవి చెడ్డవి కాబట్టే చంపాడని యోహాను సూటిగా చెప్పాడు. ఓర్వలేనితనం అంటామే, కడుపుమంట అంటామే, అదే ఇక్కడ విత్తనం. అవతలివాడు ఏమీ చెయ్యకుండా, కేవలం ఉండడమే భరించలేనిదైనప్పుడు, అతడు లేకుండా పోవాలన్న కోరిక పుడుతుంది. చెయ్యి లేవకముందే కోరిక పూర్తయింది. యోహాను హత్య అన్నది ఆ కోరికనే.

ఇది యోహాను సొంతంగా తెచ్చిన బోధ కాదని మీకు తెలుసు. కొండమీది ప్రసంగంలో "నరహత్య చేయవద్దు" అన్న ఆజ్ఞను ఎత్తుకొని యేసు దానిని కోపం వరకు, అక్కడినుంచి నోటి మాట వరకు తీసుకుపోయాడు. "వ్యర్థుడా" అని మనం చదివే చోట మూలంలో ఉన్నది "రకా" అనే అరామిక్ తిట్టు. బుర్ర ఖాళీగా ఉన్నవాడా, దేనికీ పనికిరానివాడా అని దాని భావం. బజారులో రోజూ వినబడే తిట్టును తీసుకొని మహాసభ ముందు నిలబెట్టవలసిన నేరంగా ఆయన ఎందుకు చూపించాడు? ఎదుటివాడు పనికిరానివాడని ఒకసారి ఒప్పుకున్నాక, వాడు ఉంటే ఎంత, పోతే ఎంత అన్న మాటకు దూరం చాలా తక్కువ.

ఇక్కడ ఒక ప్రశ్నను దాటవేయకూడదు. మన ప్రసంగ వేదికల మీద ఈ ప్రశ్నను దాటవేసినందువల్ల ఎందరో గాయపడ్డారు. కొన్నేళ్ళ క్రితం ఒక విధవరాలు నా దగ్గరికి వచ్చింది. భర్త పోయిన ఏడాదికే ఆమె వాటా పొలాన్ని బావగారు తన పేరున రాయించుకున్నారు. సంఘ పెద్దలు ఆమెను కూర్చోబెట్టి, క్షమించమ్మా, విశ్వాసులు కోర్టుకెక్కకూడదు, మనసులో ద్వేషం పెట్టుకోవద్దు అని చెప్పి పంపారు. ఆమె నన్ను అడిగిన మాట ఇప్పటికీ మరచిపోలేదు. "ఆయన చెడిపోవాలని నేను అనుకోవడం లేదు అయ్యగారూ, నా పిల్లల పొలం నా పిల్లలకు రావాలంటున్నాను. ఇది ద్వేషమవుతుందా?" ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. పెద్దలు చెప్పిందే కొంచెం మెత్తగా మళ్ళీ చెప్పాను. ఆమెకు నేను బాకీపడిన జవాబును ఇప్పుడు చెబుతాను.

13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ కోపాన్నీ ద్వేషాన్నీ పక్కపక్కన పెట్టి తూచాడు. కోపగించినవాడు ఎదుటివాడికి కీడు కోరవచ్చు గాని, జరిగిన అన్యాయానికి తగిన దండనగా దాన్ని కోరతాడు. అతని కళ్ళ ముందు, వంకరగానైనా సరే, న్యాయం అనేది ఒకటి ఉంటుంది. ద్వేషించేవాడు కీడును కీడుగానే కోరతాడు. అందుకే కోపానికి ఒక కొలత ఉంటుంది, మితిమీరి దెబ్బ తగిలిందనిపిస్తే కోపగించినవాడికే జాలి కలుగుతుంది. ద్వేషానికి కొలతా లేదు, చాలు అన్న మాటా లేదు. కోపం కంటే ద్వేషం చాలా ఘోరమైనదని ఆయన తీర్పు. ఈ తూకంలో పెడితే ఆ విధవరాలి మాటలో ద్వేషం ఎక్కడుంది? ఆమె అడిగింది న్యాయం. ఆమె పిల్లల నోటి దగ్గరి అన్నం లాక్కొని, ఏ ఎరుపూ లేని ముఖంతో ఆరాధనకు వచ్చి కూర్చొన్నది ఎవరో మనం అడగలేదు. నరహంతకుడన్న మాట చెప్పిన రెండు వచనాలకే యోహాను, జీవనోపాధి ఉండి కూడా సహోదరుని లేమి చూసి కనికరం చూపనివాడిని తీసుకొచ్చి నిలబెట్టాడని కూడా మనం గమనించలేదు.

ధర్మశాస్త్రం ఈ విషయాన్ని మనకంటే స్పష్టంగా చెప్పింది. లేవీయకాండం 19వ అధ్యాయంలో "నీ హృదయములో నీ సహోదరునిమీద పగపట్టకూడదు" అన్న వెంటనే వచ్చే మాట మరచిపో అనో, ఊరుకో అనో కాదు. తప్పక వానిని గద్దింపవలెను అని. ఆ తరువాతి వచనంలోనే నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను అన్న ఆజ్ఞ వస్తుంది. పగ హృదయంలో దాగుతుంది, గద్దింపు ముఖాముఖి జరుగుతుంది. నీవు నాకు ఈ తప్పు చేశావు అని ఎదురుగా చెప్పగలిగినవాడు అవతలివాడిని ఇంకా మనిషిగా, మారగలవాడిగా లెక్కిస్తున్నాడు. బాధితుల నోరు మూయించి దానికి క్షమాపణ అని పేరు పెడితే, లేవీయకాండం వద్దన్న పగనే మనం వాళ్ళ గుండెల్లోకి నెడుతున్నాం.

క్షమించడమూ న్యాయం జరగడమూ ఒకదానికొకటి అడ్డం కాదని మన దేశంలోనే చూశాం. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్ గ్రామంలో, రాత్రివేళ వాహనంలో నిద్రపోతున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన కొడుకులు 10 ఏళ్ళ ఫిలిప్‌నూ, 6 ఏళ్ళ తిమోతినీ సజీవదహనం చేశారు. బారిపదలో కుష్ఠురోగుల మధ్య భర్తతో కలిసి పనిచేసిన ఆయన భార్య గ్లాడిస్, హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పింది. న్యాయస్థానాలు తమ పని తాము చేశాయి. ప్రధాన దోషికి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణ ఆ తీర్పును ఆపలేదు, ఆ తీర్పు ఆమె క్షమాపణను తగ్గించలేదు.

అక్వినాస్ అరిస్టాటిల్ నుంచి తీసుకొని చెప్పిన మరొక మాట నన్ను ఇంకా కలవరపెడుతుంది. కోపం ఒక వ్యక్తి మీదే వస్తుంది, ద్వేషం ఒక జాతి మొత్తం మీద కూడా ఉండగలదు. తనకు ఏమీ చెయ్యని, ఎన్నడూ చూడని మనిషిని మనం కోపగించలేం, ద్వేషించగలం. 1994 ఏప్రిల్ నుంచి 100 రోజుల్లో రువాండాలో సుమారు 8 లక్షల మంది చంపబడ్డారు, వారిలో అత్యధికులు అక్కడి అల్పసంఖ్యాక జాతి టుట్సీలు. దేశ జనాభాలో అత్యధికులు క్రైస్తవులు. చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఎన్నో చోట్ల ఒకే గుడిలో బాప్తిస్మం పొందినవాళ్ళు. ఆశ్రయం కోసం న్యమాటా, న్టరామా గుళ్ళలో చేరిన జనాన్ని ఆ గుళ్ళలోనే చంపారు. ఆ కట్టడాలు ఇప్పుడు స్మారకాలు. కత్తులు లేవకముందు రేడియో ఆ మనుషులను "ఇన్యెంజి" అని, అంటే బొద్దింకలని పిలిచింది. "వ్యర్థుడా" అన్న మాటను యేసు ఎందుకు అంత దూరం తీసుకుపోయాడో అక్కడ కనిపిస్తుంది. సంఘం, దాని సభ్యులు చేసిన పాపాలకు 2017లో పోప్ ఫ్రాన్సిస్ దేవుని క్షమాపణ వేడుకున్నాడు.

దూరదేశపు మాట అని పక్కన పెట్టవద్దు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టిన నాటినుంచి మన ప్రాంతంలో జర్మనీ సంఘ సంస్కర్త లూథరు వ్రాసిన ప్రశ్నోత్తరాలు చదివి ఎదిగిన కుటుంబాలెన్నో ఉన్నాయి. చేతితోనే గాక హృదయంతోనూ నాలుకతోనూ నరహత్య జరుగుతుందని, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టకపోతే వాడిని నీవే చంపినట్టని 1529లో అంత చక్కగా బోధించిన లూథరు, 1543లో యూదుల సమాజమందిరాలను తగలబెట్టండని, ఇళ్ళు కూల్చండని వ్రాశాడు. ఆ రాతలను అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో బాహాటంగా తిరస్కరించింది. ఆజ్ఞను అర్థం చేసుకోవడం వేరు, ఆ ఆజ్ఞ వర్తించే మనుషుల లెక్కలోంచి ఒక జాతిని తీసేయకుండా ఉండడం వేరు. మన పల్లెల్లో ఒకే ప్రభువును కొలిచేవారికి కులాన్ని బట్టి వేరు గుడులు, వేరు సమాధుల తోటలు ఉన్న చోట్లు మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ ఎవరూ గొంతెత్తరు, ఎవరి ముఖమూ ఎర్రబడదు. "వాళ్ళు" అన్న ఒక్క మాటలో అంతా అయిపోతుంది. ఇంత చల్లగా ఉంటుంది కాబట్టే దీన్ని పాపమని ఒప్పుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

కీర్తనల్లో ద్వేషపు మాటలు లేవా అని యువకులు అడుగుతుంటారు. ఉన్నాయి. 139వ కీర్తనలో దేవుని విరోధుల మీద పూర్ణద్వేషం కలదని చెప్పిన నోటితోనే కీర్తనకారుడు, దేవా నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము అని వెంటనే తన గుండెను విప్పి పెడతాడు. పూర్ణద్వేషమంటే దోషాన్ని బట్టి మనిషిని ద్వేషించకుండా, మనిషిని బట్టి దోషాన్ని ప్రేమించకుండా ఉండడమని ఆదిమ సంఘ పితరుడు అగస్టీను వివరించాడు.

ఆయనే తన మఠవాసుల కోసం వ్రాసిన నియమావళిలో, తగాదాలు ఉండకూడదు, ఉంటే వీలైనంత త్వరగా ముగించాలి, లేకపోతే కోపం ద్వేషంగా ఎదిగి, నలుసు దూలమై, ఆత్మను నరహంతకిగా చేస్తుందని హెచ్చరించి, నేను మొదట చదివిన వచనాన్నే అక్కడ ఉదహరించాడు. ఆయన భయపడింది కాలవ్యవధికి. గాయం తలపుకు రావడం, గుండె మండడం మన చేతిలో లేవు, వాటిని సంఘం ఎన్నడూ మరణకరమైన పాపమనలేదు. 1992 నాటి కథోలిక సత్యోపదేశం కూడా బుద్ధిపూర్వకంగా కీడు కోరడాన్నే పాపమని, గొప్ప కీడు కోరడాన్ని ఘోరపాపమని అంటుంది. మండిన నిప్పు మీద రోజూ ఒక పుల్ల వేస్తూ దాన్ని ఆరిపోనివ్వకపోవడం మాత్రం మన చేతి పనే. నా చిన్నతనంలో మా ఊరి గుడిలో పొలంగట్టు తగాదాతో విడిపోయిన అన్నదమ్ములు చెరో వైపు కూర్చొనేవారు. గట్టు ఎటు జరిగిందో చివరికి ఎవరికీ గుర్తులేదు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా 20 ఏళ్ళు ఒకే గిన్నెలోని ద్రాక్షారసం తాగారు. పెద్దాయన పోయినప్పుడు తమ్ముడు ఇంటి దాకా వచ్చి, వాకిట్లోనే నిలబడిపోయాడు.

కొండమీది ప్రసంగంలో హత్యను గురించిన ఆ భాగం ఒక అర్పణ దగ్గరికి వస్తుంది. బలిపీఠం ముందు నిలబడినప్పుడు నీ మీద నీ సహోదరునికి విరోధం ఏమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అని ఆయన మొదలుపెట్టాడు. అతని మీద నీకున్న విరోధం అనలేదు. నా మనసులో ఏమీ లేదండీ అన్న మన జవాబుకు ఆయన చోటివ్వలేదు. అర్పణ అక్కడే విడిచిపెట్టి, మొదట వెళ్ళి సమాధానపడి, తరువాత వచ్చి అర్పించమన్నాడు. ఈ మాట విన్న గలిలయ జనానికి తెలిసిన బలిపీఠం యెరూషలేములో ఉంది, అది మూడు నాలుగు రోజుల నడక. తెచ్చిన మేకపిల్లను గుడి ఆవరణలో వదిలి, అంత దూరం తిరిగి నడిచి, ఆ ఇంటి తలుపు తట్టి, మళ్ళీ అంత దూరం రావాలి.

ఈవేళ గురువారం. ఆదివారం ప్రభువు బల్లకు మనకు ఇంకా మూడు రోజులు ఉన్నాయి.