మహూహీ సాకిన పిల్లవాడు

శ్రోతలకు నమస్కారం.

1854 ఏప్రిల్‌లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మోర్మన్లు అనే మత శాఖ వాళ్ల మహాసభ జరిగింది. ఎవరెవరు ఏ దేశానికి మత ప్రచారానికి వెళ్లాలో ఆ సభలో నిర్ణయించారు. హవాయి దీవులకు వెళ్లవలసిన వాళ్లలో జోసెఫ్ ఎఫ్. స్మిత్ ఒకడు. అప్పటికి అతనికి 15 ఏళ్లు. మీసం కూడా రాని వయసు.

ఆ పిల్లవాడికి తల్లీ లేదు, తండ్రీ లేడు. మోర్మన్ మతాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ అతనికి స్వయానా బాబాయి, అంటే తండ్రి తమ్ముడు. తండ్రి హైరమ్‌నీ, ఆ జోసెఫ్ స్మిత్‌నీ 1844 జూన్‌లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ జైలులో అల్లరి మూక కాల్చి చంపింది. అప్పుడు పిల్లవాడికి అయిదేళ్లు. తర్వాత తల్లి మేరీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఎడ్లబండి మీద మైదానాలు దాటి యూటాకు వచ్చింది. ఆమె కూడా 1852లో కన్నుమూసింది. అప్పటి నుంచి అతను కాస్త మొండిగా తయారయ్యాడు. చెల్లెల్ని కొట్టబోయిన పంతులు మీద తిరగబడి బడి నుంచి బయటపడ్డాడు. అది జరిగిన కొంతకాలానికే ఈ పిలుపు వచ్చింది.

సంఘం చేతికి డబ్బు ఇవ్వలేదు. కాలిఫోర్నియా దాకా వెళ్లి, అక్కడ కూలిపని చేసి, ఓడ ఖర్చులు సంపాదించుకున్నాడు. అక్కణ్ణుంచి సుమారు 3,800 కిలోమీటర్ల సముద్రం. హవాయి అప్పటికింకా అమెరికాలో భాగం కాదు, సొంత రాజు ఉన్న దేశం. ఊరు కాని ఊరు, భాష కాని భాష. మావుయి దీవిలో కులా అనే చోట అతన్ని దింపారు. వెళ్లిన కొద్ది రోజులకే జ్వరం పట్టుకుంది. వైద్యుడూ లేడు, అయినవాళ్లూ లేరు. మహూహీ అనే ఒక హవాయి స్త్రీ ఆ పిల్లవాణ్ణి తన ఇంట ఉంచుకుని, కన్నకొడుకులా చూసుకుని బతికించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మత ప్రచారకుడంటే మనకు చప్పున ఏం తోస్తుంది? ఏదో చెప్పడానికి వచ్చినవాడు, ఇవ్వడానికి వచ్చినవాడు. ఈ పిల్లవాడు మొదట చేసిన పని మాత్రం పుచ్చుకోవడమే. ఆమె పెట్టింది తిన్నాడు, ఆమె పరిచిన చాప మీద పడుకున్నాడు, ఆమె మాట విని భాష నేర్చుకున్నాడు. మూడు నెలలు దాటేసరికి హవాయి భాషలో ప్రార్థన చేయగలిగాడు, ప్రసంగించగలిగాడు. అతనికి ముందే అక్కడికి వెళ్లిన జార్జ్ క్యూ. కానన్ అనే మిషనరీకి కూడా స్థానికుడైన జొనాతనా నపేలా తోడు లేకపోతే వాళ్ల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని హవాయి భాషలోకి తీసుకురావడం సాధ్యమయ్యేది కాదు. మిషనరీల చరిత్రల్లో ఇలాంటి వాళ్ల పేర్లు చిన్న అక్షరాల్లో ఉండిపోతాయి. నా దృష్టిలో వాళ్లే పెద్దవాళ్లు.

పేదరికం ఎంతదాకా వచ్చిందో ఒక సంగతి చెబుతాను. సామాను దాచుకున్న ఇల్లు కాలిపోయి బట్టలు, డైరీలు బూడిదయ్యాయి. అతనికీ, తోటి మిషనరీకీ కలిపి ఒక్క జత మంచి బట్టలే మిగిలాయంటారు. ఒకడు ఆ బట్టలు తొడుక్కుని ప్రార్థనకు వెళితే, వాడు తిరిగొచ్చేదాకా రెండోవాడు దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. అలా దిగులుగా ఉన్న రోజుల్లో వచ్చిన ఒక కల గురించి అతను ముసలితనంలో, 1918లో, చెప్పుకున్నాడు. కలలో చేతిలో చిన్న మూటతో పరుగెత్తుతూ ఒక పెద్ద భవనం దగ్గరికి వచ్చాడు. స్నానం చేసి మూట విప్పితే లోపల ఉతికిన బట్టలున్నాయి. అవి కట్టుకుని తలుపు తట్టాడు. చనిపోయిన బాబాయి తలుపు తీసి, ఆలస్యంగా వచ్చావన్నాడు. ఆలస్యమైనా శుభ్రంగానే వచ్చానని ఇతను జవాబిచ్చాడు. లోపల తల్లి కూర్చుని ఉంది. ఆ కల తర్వాత తనకు భయం పోయిందనీ, తనను మనిషిగా నిలబెట్టింది అదేననీ చెప్పాడు. తల్లిదండ్రులు లేని కుర్రాడి విశ్వాసం సిద్ధాంతాల్లో కాదు, ఇలాంటి చోట వేళ్లూనుకుంటుందని నాకనిపిస్తుంది.

ఇప్పటి పిల్లల సంగతికి వద్దాం. ఈ మోర్మన్ సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ప్రపంచమంతటా 70 వేలకు పైగా యువ మిషనరీలు పనిచేస్తున్నారు. అబ్బాయిలు 18 ఏళ్లకే వెళ్లవచ్చని 2012లో నిర్ణయించారు. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. ఏ దేశమన్నది వాళ్లు కోరుకునేది కాదు, సంఘం చెప్పిన చోటికి వెళ్లాలి. జీతం లేదు. పైగా 2020 నుంచి అమెరికా కుటుంబాలు ఒక్కో మిషనరీకి నెలకు 400 డాలర్లు కట్టాలి. చాలామంది పిల్లలు ఇందుకోసం హైస్కూల్ రోజుల నుంచే పార్ట్ టైమ్ పనులు చేసి డబ్బు కూడబెడతారు.

ఆ తర్వాత జీవితం గడియారం ముల్లు ప్రకారం నడుస్తుంది. మామూలుగా ఉదయం ఆరున్నరకు లేవాలి, చదువుకోవాలి, ప్రార్థన చేసుకోవాలి, రోజంతా బయట తిరగాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. కాఫీ, టీ, మద్యం, పొగాకు వాళ్ల మతంలోనే నిషేధం. ప్రేమ వ్యవహారాలు కుదరవు. ఒక్కడే ఎక్కడికీ వెళ్లకూడదు, జోడీ తప్పదు. ఆ జోడీని కూడా పైవాళ్లే నిర్ణయిస్తారు, కొన్నాళ్లకోసారి మారుస్తారు. ముక్కూ మొహం తెలియని మనిషితో ఒకే గదిలో, ఒకే వంటింట్లో, ఇరవై నాలుగు గంటలూ సర్దుకుపోవాలి. పరాయి భాష కన్నా ఇదే కష్టమని తిరిగొచ్చిన వాళ్లు చెబుతుంటారు. 2019కి ముందు ఇంటికి ఫోన్ చేసుకోవడం ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ, మాతృదినోత్సవానికీ. మిగతా రోజుల్లో వారానికో ఈమెయిల్. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి వారానికోసారి అమ్మానాన్నలతో మాట్లాడుకోనిచ్చారు. ఇది ఎంతో ముందే చేయవలసిన పని.

వీళ్లు జనానికి ఏం చెబుతారు? మోర్మన్ గ్రంథం చదవండి, ఇది నిజమా కాదా అని దేవుణ్ణే అడగండి అంటారు. ఆ మాట ఆ గ్రంథం చివరి అధ్యాయంలోనే ఉంది. ఇందులో చిక్కేమిటంటే, చెప్పే పిల్లవాడు కూడా ఆ ప్రశ్న అడిగి ఉండాలి. తండ్రి వెళ్లాడు, అన్న వెళ్లాడు, నేనూ వెళ్లాలి కాబట్టి వచ్చానన్న కుర్రాళ్లు ఉంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మొహం మీద తలుపులు పడుతుంటే, మంచు కురిసే వీధిలో సైకిల్ తోసుకుంటూ వెళుతుంటే, ఆ ప్రశ్న ఎటూ తప్పించుకోనివ్వదు. కొందరికి నమ్మకం అక్కడే గట్టిపడుతుంది. కొందరికి అక్కడే సడలుతుంది. ఆరోగ్యం పాడై, టెన్షన్ భరించలేక గడువుకు ముందే ఇంటికొచ్చేసే వాళ్లూ ఉన్నారు. అలాంటి వాళ్లను సొంత ఊళ్లో ఓడిపోయి వచ్చినట్టు చూడటం చాలాకాలంగా ఉంది. అది అన్యాయం. 18 ఏళ్ల బిడ్డ భుజం మీద ఊరి పరువంతా పెట్టకూడదు.

మన తెలుగువాళ్లకూ ఈ కథతో సంబంధం ఉంది. ఎడ్విన్ ధర్మరాజు గారు కీటకశాస్త్రవేత్త. ఉద్యోగరీత్యా పసిఫిక్ మహాసముద్రంలోని సమోవాలో ఉంటూ, భార్య ఎల్సీ గారితో పాటు ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ఆ దంపతులు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చి, బంధువుల్లో పలువురికి బాప్తిస్మం ఇప్పించారు. ఎల్సీ గారి తండ్రి బాప్టిస్టు పాస్టరు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించింది ఆయనే. తన సంఘం కాని సంఘం గ్రంథానికి అంత శ్రమపడిన ఆ పెద్దమనిషి నాకు మహూహీకి చుట్టంలా కనిపిస్తాడు. 2012లో భారతదేశంలో ఈ సంఘపు మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన పెద్ద విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1901లో సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ హోదాలో హవాయి వెళ్లినప్పుడు పూలదండలతో స్వాగతం చెప్పే జనం మధ్య ఒక గుడ్డి ముసలమ్మ తడుముకుంటూ వచ్చింది. తొంభై ఏళ్లు ఉంటాయి. చేతిలో నాలుగు మంచి అరటిపళ్లు. హవాయి భాషలో అతని పేరు పెట్టి పిలుస్తోంది. ఆయన పరుగున వెళ్లి ఆమెను కౌగిలించుకుని అమ్మా అమ్మా అన్నాడు. కళ్లనీళ్లతో పక్కనున్న మిత్రుడికి ఆమె ఎవరో చెప్పాడు. మహూహీయే.

విదేశాల్లో ఉన్న మన పిల్లల ఇళ్ల తలుపులు కూడా ఈ మిషనరీలు తడుతుంటారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుపట్టీ. వాళ్లు చెప్పేది మీకు అక్కర్లేకపోతే వద్దు బాబూ అని నెమ్మదిగా చెప్పి పంపించండి, తప్పులేదు. నేనైనా నా మతం మార్చుకోను. కానీ తలుపు వేసేముందు ఎక్కణ్ణుంచి వచ్చావు, అమ్మతో మాట్లాడావా అని ఒక్క మాట అడగండి. కాఫీ, టీ మాత్రం ఇవ్వకండి, తాగరు. ఎండాకాలమైతే ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి.

సెలవు. నమస్కారం.